రైలు ఆస్తికి వెల కట్టుట యెట్లు?

ఇంటికిగాని, అంగడికిగాని పన్ను వేయుట పెద్ద చిక్కు కాదు. అద్దెనో విస్తీర్ణమునో చూచి పురపాలకులు వెల కట్టుదురు. కాని ఊరిమధ్యగా పోవు రెండు మైళ్ల రైలుపట్టాలకు వెల యెంత? విడిగా అమ్మబోయినచో పాత యినుము ధర వచ్చును. ఆ రెండు మైళ్లు లేకున్న వందల మైళ్ల మార్గము తెగిపోవును.

రైళ్లు చాలవరకు ప్రైవేటు కంపెనీల చేతనున్న అమెరికాలో రాష్ట్రములు దీనికొక దారి చూచుకొన్నవి. కంపెనీ ఆస్తి యెన్ని రాష్ట్రములలో నున్నను దాని నంతటిని ఒకే వస్తువుగా నెంచి వెల కట్టి, పట్టాల పొడవు, రాబడి మొదలగువానినిబట్టి తమ వంతు తేల్చుకొందురు. విద్యుత్తు, టెలిఫోను కంపెనీలకును ఈ పద్ధతి వాడుకలో నున్నది. 1897లో అక్కడి సుప్రీంకోర్టు ఆడమ్స్ ఎక్స్‌ప్రెస్ అను రవాణా కంపెనీ విషయమున దీనిని సమర్థించినది. ఒహాయో రాష్ట్రమున ఆ కంపెనీకి కంటికి కనబడు ఆస్తి గుఱ్ఱములు, బండ్లు, ఇనుపపెట్టెలు వంటిదే. వర్తకులమైన మనకు ఆ తీర్పు వింతగా తోచదు. నడచుచున్న అంగడి వెల అందలి సరుకు వెలకన్న హెచ్చే గదా!

అసలు తగవు మొత్తమును తేల్చుటలో నున్నది. పెట్టిన ఖర్చులో అరుగుదల తీసివేయుట యొక లెక్క. రాబడినిబట్టి కట్టుట మరియొకటి. వాటాల, అప్పుపత్రముల బజారు ధర మూడవది. మూడును ఒకే అంకెకు రావు. 2002లో జార్జియా రాష్ట్రము పద్ధతి మార్చి సి.ఎస్.ఎక్స్. రైల్వేకు సుమారు 780 కోట్ల డాలర్ల వెల కట్టగా, కంపెనీ నిపుణుడు 600 కోట్లే యనెను. ఇతర వ్యాపారాస్తులకన్న రైల్వేలపై హెచ్చు భారము మోపరాదని 1976 నాటి శాసనము. దానినిబట్టి పద్ధతిని కూడ ప్రశ్నించు హక్కు కంపెనీకి గలదని 2007లో సుప్రీంకోర్టు చెప్పినది. సబబే. మదింపుదారు తనకిష్టమైన లెక్క నెన్నుకొని, ఏల యని అడుగరాదనుట యేమి న్యాయము?

మన దేశమున రైల్వే ఆస్తి ముఖ్యముగా కేంద్రముది. పార్లమెంటు వేరుగా నిర్ణయించిన తప్ప రాజ్యాంగము 285వ అధికరణము దానికి స్థానిక పన్నులనుండి మినహాయింపు నిచ్చినది. దీపములు, బాటలు, మురుగుకాలువల ఖర్చు మాత్రము ఊరివారిది. రాజ్‌కోట్ నగరపాలక సంఘము వివాదమున 2009లో సుప్రీంకోర్టు యెదుట ఒక ఏర్పాటు కుదిరినది. సేవలను పూర్తిగా వాడుకొన్నచో ఆస్తిపన్నులో 75 శాతము, కొంత వాడుకొన్నచో 50, వాడుకొననిచో 33⅓ శాతము కేంద్రము సేవారుసుముగా చెల్లించవలెను. అయితే దేనిలో శాతము? ముందు వెల కట్టనిదే ఆ పన్ను తేలదు. పట్టాల మాట యటుండనిండు. స్టేషనుకు, గిడ్డంగులకు, క్వార్టర్లకు ఎంత కట్టిరి, ఎంత వసూలైనది? బరంపురము, షోలాపురము, అరక్కోణము వంటి చోట్ల తరతరములుగా పన్ను కట్టుచున్న మనవారు ఈ ప్రశ్నను తమ వార్డు సభ్యుల ద్వారా వ్రాతపూర్వకముగా అడుగవలెను.