ఆటకు పోతున్నానని చెప్పండి

మన ఊళ్ళలో నలభై దాటిన ఇల్లాలు ఆదివారం పొద్దున పోయి సాయంత్రం ఇల్లు చేరాలంటే ఒప్పుకునే కారణాలు నాలుగే: పెళ్ళి, చావు, గుడి, ఆసుపత్రి. ఐదోది షాపింగు, అదీ ఇంట్లోకి కావలసినవి తెస్తేనే. ఈ పట్టికలో ఆట లేదు. ఎందుకు లేదన్నదే నా తగువు.

ఈమధ్య మేం ఐదుగురు స్నేహితులం పుంగనూరులో ఒకరింట్లో కలిశాం. మదనపల్లె నుంచి ఇద్దరం, కుప్పం నుంచి ఇద్దరు, ఇంటావిడ. పెట్టుకున్న పని ఒక్కటే, రోజంతా పులిజూదం ఆడటం. ఆ మాట ఇళ్ళలో చెప్పేసరికి వచ్చిన ప్రశ్నలు వినండి. "ఈ వయసులో ఆటలేందమ్మా?" "పిల్లకాయల్ని పిల్చకపోతా ఉండారా?" "ప్రైజులేమన్నా ఇస్తారా?" "మధ్యాన్నం బువ్వకు ఏం చేసిపెట్టి పోతావు?" మాలో ఒకామె ఈ గొడవంతా ఎందుకని బోయకొండ గంగమ్మ దర్శనానికని చెప్పి బయల్దేరింది. చెప్పినందుకు నిజంగానే కొండెక్కి, సాక్ష్యానికి కుంకుమ పొట్లం తెచ్చుకుని, అప్పుడు ఆటకొచ్చింది. కొడుకును ఇంజనీరింగ్ చదివిస్తున్న మనిషి! చింతగింజలతో ఆడుకోవడానికి అమ్మవారిని అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది.

ఇంతకీ మేం ఆడిన ఆట ఎలాంటిది? నేలమీద సుద్దముక్కతో గీసిన పటం. ఒక కొన నుంచి కిందికి దిగే గీతలు, వాటిని కోసుకుంటూ అడ్డగీతలు, మొత్తం 23 కూడళ్ళు. 3 పులులకు గులకరాళ్ళు, 15 మేకలకు చింతగింజలు. కొన్ని ఊళ్ళలో ఈ లెక్క మారుతుంది. తమిళనాడు, కర్ణాటక రెండూ ఆనుకుని ఉన్న కుప్పం వాళ్ళకు దీని పేర్లన్నీ తెలుసు. తమిళంలో ఆడుపులి ఆట్టం, కన్నడంలో ఆడుహులి ఆట. పేరు మారినా పులి పులే, మేక మేకే.

మేకల్ని ఒక్కొక్కటిగా దించాలి. పదిహేనూ దిగేదాకా ఒక్కటి కూడా కదలకూడదు. పులి మాత్రం మొదటినుంచీ తిరుగుతుంది. మేక వెనకాల కూడలి ఖాళీగా ఉంటే దాని మీదుగా దూకి తినేస్తుంది. మేక పులిని చంపలేదు, దూకలేదు. దానికున్న బలమల్లా వెనక ఇంకో మేక ఉండటమే. అట్లా ఒకదానికొకటి కాపుగా నిలబడి, పులులకు అడుగు కదిపే చోటు లేకుండా చేస్తే మేకలు గెలిచినట్టు. చదరంగంలో రెండు పక్షాలదీ సమాన బలం. ఇక్కడ బలమూ వేరు, పద్ధతీ వేరు, గెలుపు అర్థమే వేరు. ఆరోజు మూడో ఆటలో ఇంటావిడ రెండు మేకల్ని పోగొట్టుకుని కూడా, మిగిలిన పదమూడింటితో మూడు పులుల్నీ కట్టేసింది. గంట పట్టింది. ఆ గంటలో ఎవరమూ ఫోను ముట్టలేదు.

ఇలా బల్లమీదో నేలమీదో యుద్ధం నడపడాన్ని బయటి ప్రపంచం ఎంత గౌరవంగా చూస్తుందో తెలుసా? 1824లో ప్రష్యా సైన్యం తన అధికారులకు నేర్పడానికి క్రీగ్‌స్పీల్ అనే ఆటను తీసుకుంది. 1913లో హెచ్.జి.వెల్స్ బొమ్మ సైనికుల ఆటకు నియమాలు రాసి 'లిటిల్ వార్స్' అని పుస్తకం వేశాడు. పన్నెండేళ్ళ నుంచి నూటయాభై ఏళ్ళ దాకా మగపిల్లలందరికీ ఈ ఆట అని దాని పొడుగాటి పేరులోనే ఉంటుంది. ఆడపిల్లల్లో మాత్రం మగపిల్లల ఆటలు నచ్చే తెలివైన రకానికట! మగవాడికి నూటయాభై ఏళ్ళ దాకా గడువు, ఆడపిల్లకు గుమ్మంలోనే తెలివి పరీక్ష. ఇప్పటికీ లండన్‌లో 'సెల్యూట్' అని ఒకరోజు వార్ గేమింగ్ ప్రదర్శన జరుగుతుంది. నడివయసు మగవాళ్ళు స్నేహితులతో పోయి, బొమ్మ సైన్యాలు నడిపి, కొని, సంచులు నింపుకుని వస్తారు. దాన్ని హాబీ అంటారు. మేం చేస్తే పనీపాటా లేకపోవడం అంటారు.

మనవాళ్ళు ఆడవాళ్ళను ఆడనివ్వలేదని నేననను. ఆడనిచ్చారు, ఏదో ఒక సాకు కింద. శివరాత్రి జాగారానికి వైకుంఠపాళి, ఎందుకంటే పుణ్యం. పెద్దమనిషైన పిల్ల ముందు వామనగుంటల పీట, ఎందుకంటే కదలకుండా ఒకచోట కూర్చుంటుంది. ఇప్పుడు మార్చి 8న మనకు పెట్టే పోటీలు చూడండి: నోట్లో చెంచా, చెంచాలో నిమ్మకాయ, కుర్చీలాట, ముగ్గులు. ముగ్గులో లెక్క ఉంది, కాదనను. కానీ ఎదుటి మనిషి ఎత్తును కనిపెట్టి పైఎత్తు వేసే ఆట ఒక్కటైనా పెట్టారా? ఎత్తులు వేసే ఆడదంటే మనకు మొదటినుంచీ భయమే. పల్నాటి కథలో నాయకురాలు నాగమ్మ రాజకీయం నడిపితే కుట్ర అన్నారు, బ్రహ్మనాయుడు నడిపితే మంత్రాంగం అన్నారు.

"జూదం అని పేరులోనే ఉంది కదా, ఇల్లాలికి తగునా?" అని ఒక పెద్దాయన అడిగాడు. మేం పైసా పందెం కట్టలేదు. రచ్చబండ దగ్గర డబ్బు పెట్టి పేకాడేవాళ్ళను ఆయన ఎప్పుడూ అడిగినట్టు లేదు. భారతం ఎత్తుతారేమో, ఎత్తమనండి. ఆ సభలో జూదమాడింది మగవాళ్ళు, పందెంలో ఒడ్డింది ఆడదాన్ని. ఆ కథ చూపించి ఆడవాళ్ళను ఆట మానమనడం ఏం న్యాయం?

గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. బిడ్డ పుట్టాక మళ్ళీ బల్ల ముందుకొచ్చి 2019లో ఒకసారి, 2024లో ఇంకోసారి ప్రపంచ ర్యాపిడ్ చెస్ విజేత అయింది. ఆమె ఫొటో వస్తే మనవాళ్ళంతా మన తెలుగు బిడ్డ అని పంచుకుంటారు. సంతోషమే. అయితే పతకం తెచ్చే ఆడదాని ఆటకే విలువా? ఏమీ తేని ఆడది ఊరికే ఆడుకోకూడదా? పతకం తేకపోయినా మగవాళ్ళు సందులో క్రికెట్ ఆడుతూనే ఉన్నారు కదా!

ఇంటిపని ఎవరు చేస్తారంటారా? ఆరోజు మా ఐదిళ్ళలోనూ అందరూ భోంచేశారు. రెండిళ్ళలో మగవాళ్ళే వండుకున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు.

అందుకే అంటున్నా, ఒక ఆదివారం తీసుకోండి. సుద్దముక్క, గుప్పెడు చింతగింజలు, నలుగురు నేస్తాలు చాలు. పటం గుర్తులేకపోతే మీ అమ్మమ్మ వయసు వాళ్ళను అడగండి, వాళ్ళున్నప్పుడే. గుమ్మం దాటేటప్పుడు గుడికనీ బజారుకనీ చెప్పకండి. ఒక్కరు నిజం చెబితే పులి మీద పడుతుంది, నలుగురు చెబితే దానికి దూకే చోటుండదు. "ఆడుకోవడానికి పోతున్నా, సాయంత్రం వస్తా" అని చెప్పి పొండి.