పారవేసే గింజలో పోషణ

పండుగ సమీపించే కొద్దీ మన వంటిళ్లలో చక్కెర, నెయ్యి, మైదాల వాడకం పెరుగుతుంది. ఒకవైపు షీర్ ఖుర్మా ఏర్పాట్లు, మరొకవైపు ఓవెన్‌లో నాన్‌ఖటాయీలు. పిల్లలు వస్తూ పోతూ వాటినే తింటారు. భోజన వేళకు వారికి ఆకలి ఉండదు. అదే వంటింట్లో మీఠా కద్దూ, అంటే తీపి గుమ్మడి, కోసినప్పుడు గుజ్జును కూరకో హల్వాకో వాడుకొని గింజలను చెత్తబుట్టలో వేస్తాము. బజారులో డబ్బు పెట్టి కొనే చార్ మగజ్‌లో ఒక భాగం ఈ గింజల పలుకులే!

సుమారు 30 గ్రాముల గుమ్మడి పలుకులలో దాదాపు 8 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. మెగ్నీషియం, జింక్, ఇనుము కూడా తగినంత లభిస్తాయి. కొవ్వు కూడా ఎక్కువే గనుక రోజుకు ఒక చిన్న గుప్పెడు చాలు.

వేయించే విధానం సులభం. గింజలను నీటిలో వేసి, పీచు పోయేలా చేతితో రుద్ది కడగాలి. పీచు మిగిలితే అది ముందుగా మాడిపోతుంది. బట్టపై పరచి తడి పూర్తిగా ఆరనివ్వాలి. తరువాత చెంచాడు నూనె, చిటికెడు ఉప్పు, కొద్దిగా మిరియాల పొడి పట్టించి, మందపాటి మూకుడులో సన్నని సెగపై కలుపుతూ వేయించాలి. గింజలు చిటపటలాడి లేత బంగారు రంగుకు రాగానే దించాలి. ఓవెన్ ఉన్నవారు 150 డిగ్రీల వేడిలో సుమారు 20 నిమిషాలు ఉంచి, మధ్యలో ఒకసారి కలపాలి. పూర్తిగా చల్లారాక గాజు సీసాలో భద్రపరచి, రెండు వారాలలోపు వాడాలి. ఆలస్యమైతే వాటిలోని నూనె కనరు వాసన వేస్తుంది.

ఐదేళ్లలోపు పిల్లలకు గింజలను అలాగే ఇవ్వరాదు. గొంతుకు అడ్డుపడే ప్రమాదముంది. పెద్ద పిల్లలకు పొట్టు తీసి ఇవ్వడం మేలు. రక్తపోటు ఉన్నవారికి ఉప్పు లేకుండా వేయించాలి.

ఒక విషయం స్పష్టం చేయాలి. వీటిని 'సున్నత్ ఆహారం' అని కొందరు ప్రచారం చేస్తుంటారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) పళ్లెంలోని 'దుబ్బా' ముక్కలను ఇష్టంగా ఏరుకొని తిన్నారని హజ్రత్ అనస్ (రజి) తెలిపిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నమాట నిజమే. అయితే దుబ్బా అంటే సొరకాయ అన్నదే ప్రసిద్ధమైన అర్థం. తీపి గుమ్మడి అమెరికా ఖండాల పంట. 1492 తరువాతనే అది మన వైపు దేశాలకు చేరింది. కనుక ఆయన చెప్పని మాటను, చేయని పనిని ఆయనకు అంటగట్టే సాహసం మనం చేయరాదు. ఈ గింజకు అటువంటి ముద్ర అవసరమూ లేదు. అల్లాహ్ ప్రసాదించిన ఆహారాన్ని వృథా చేయకపోవడమే తగిన కారణం.

ఈ పండుగకు అతిథుల ముందు ఉంచే మిఠాయి పళ్లెం పక్కన ఒక చిన్న గిన్నెలో ఈ గింజలను కూడా ఉంచండి. మధుమేహం వల్ల మిఠాయిని తాకలేని పెద్దలు సైతం నలుగురితో పాటు చేయి చాపగలుగుతారు.