నవోదయ పరీక్ష: ఐదో తరగతిలో ఒక్కటే ఛాన్స్, మన పిల్లలు ఎందుకు వదులుకోవాలి?

2024 డిసెంబరులో కేంద్ర కేబినెట్ దేశవ్యాప్తంగా 28 కొత్త జవహర్ నవోదయ విద్యాలయాలు మంజూరు చేసింది. అందులో 7 తెలంగాణకే దక్కాయి: జగిత్యాల, నిజామాబాద్, మహబూబ్‌నగర్, సంగారెడ్డి, సూర్యాపేట, భద్రాద్రి కొత్తగూడెం, మేడ్చల్ మల్కాజ్‌గిరి. వీటిలో నిజామాబాద్, సంగారెడ్డి లాంటివి మన జనాభా బాగా ఉన్న జిల్లాలు. అయితే స్కూలు జిల్లాకు వచ్చినంత మాత్రాన సీటు ఇంటికి రాదు. మధ్యలో ఒక పరీక్ష ఉంది. ఆ పరీక్ష గురించి మన ఇళ్లలో చాలామందికి పిల్లలు ఆరో తరగతికి వచ్చాకే తెలుస్తోంది. అప్పటికి ఆ పరీక్ష గేటు మూసేస్తారు.

అసలేమిటీ నవోదయ?

తెలివైన పిల్లలకు, ముఖ్యంగా పల్లెటూరి పిల్లలకు, ఇంటి ఆర్థిక స్థితితో పని లేకుండా మంచి చదువు ఇవ్వాలన్న ఆలోచనతో 1986 జాతీయ విద్యా విధానం కింద కేంద్రం నడుపుతున్న స్కూళ్లివి. ఆరు నుంచి పన్నెండు వరకు సీబీఎస్ఈ సిలబస్. చదువు, హాస్టల్, భోజనం, యూనిఫాం, పుస్తకాలు ఉచితం. తొమ్మిదో తరగతి నుంచి మాత్రం మామూలుగా నెలకు 600 రూపాయలు కట్టాలి. అమ్మాయిలకు, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు, దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబాలకు అదీ లేదు. ఆ లెక్కన కట్టాల్సి వచ్చినా నాలుగేళ్లకు 28,800 రూపాయలు. పట్టణంలో ఒక మామూలు ప్రైవేటు స్కూలు ఫీజుతో పోల్చి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

పరీక్షలో సగం బొమ్మలే

రెండు గంటల టైం, 80 ప్రశ్నలు, 100 మార్కులు. 40 ప్రశ్నలు మేధాశక్తికి, 20 లెక్కలకు, 20 భాషకు. నెగెటివ్ మార్కులు లేవు. మేధాశక్తి ప్రశ్నలన్నీ బొమ్మలే: వరసలో తర్వాతి బొమ్మ ఏది, అద్దంలో ఎలా కనిపిస్తుంది, ఏది వేరుగా ఉంది. అంటే 50 మార్కులకు భాషతో పనే లేదు. ఉర్దూ మీడియం పిల్లలు వెనకబడతారన్న భయం ఇక్కడ సగం పోతుంది. మిగతా సగం కోసం ఉర్దూలోనే పరీక్ష రాసే వీలుంది. తెలుగులో కూడా రాయొచ్చు. దరఖాస్తులో పిల్లవాడు నిజంగా చదివి అర్థం చేసుకునే భాషే పెట్టండి.

బొమ్మల ప్రశ్నలు ఎన్నడూ చూడని పిల్లవాడు ఎంత జహీన్ అయినా పరీక్ష హాల్లో తికమకపడతాడు. తెలివి ఉండటం వేరు, ఆ తెలివిని రెండు గంటల్లో చూపించడం వేరు. కోచింగ్ సెంటర్లు బతికేది ఈ తేడా మీదే. కానీ నాలుగో తరగతి నుంచి పాత పేపర్లతో రోజూ అరగంట ఇంట్లో కూర్చోబెడితే, వేలు పోయకుండానే చాలావరకు అలవాటవుతుంది.

మనకు తగిలే రూల్స్

స్కూలుకు గరిష్ఠంగా 80 సీట్లు. కనీసం 75 శాతం, అంటే 60 సీట్లు గ్రామీణ పిల్లలకే. మిగతా 20 సీట్లకు పట్టణాల పిల్లలు, పల్లెల పిల్లలు కలిసి పోటీ పడాలి. మన కుటుంబాలు పెద్ద సంఖ్యలో పట్టణాల్లోనే ఉన్నాయి కాబట్టి దెబ్బ ఇక్కడే తగులుతుంది. 3, 4, 5 తరగతుల్లో ఒక్క రోజు పట్టణ స్కూల్లో చదివినా ఆ పిల్లవాణ్ని పట్టణ కోటాలోనే లెక్కేస్తారు. మండలంలో మంచి బడి ఉండగా టౌనుకు మార్చే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఈ మూడు తరగతులూ గుర్తింపు ఉన్న స్కూల్లోనే చదివి ఉండాలి. హిఫ్జ్ కోసం బడి మాన్పించే ఇళ్లవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి. పొద్దున మక్తబ్, తర్వాత బడి అన్న పాత పద్ధతిలో ఏదీ పోదు.

మైనారిటీ కోటా ఇక్కడ లేదు. ఓబీసీ కోటా ఉంది కానీ కేంద్ర జాబితా ప్రకారమే. రాష్ట్రంలో బీసీ-ఈ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన ఇక్కడ చెల్లుతుందని అనుకోవద్దు. మీ వర్గం పేరు కేంద్ర జాబితాలో ఉందో లేదో మీ సేవ దగ్గరో, ఎమ్మార్వో ఆఫీసులోనో ముందే కనుక్కోండి. మూడో వంతు సీట్లు అమ్మాయిలకు.

మైనారిటీ గురుకులాలు ఉన్నాయిగా?

ఉన్నాయి. తెలంగాణలో 204 ఉన్నాయి, 75 శాతం సీట్లు మైనారిటీలకే. అమ్మాయిలకు, అబ్బాయిలకు వేర్వేరు స్కూళ్లు. నవోదయలో ఇద్దరూ కలిసి చదువుతారు, హాస్టళ్లు మాత్రం వేరు. తొమ్మిదో తరగతిలో కొందరు పిల్లల్ని ఏడాది పాటు హిందీ రాష్ట్రాల నవోదయకు పంపుతారు. బిడ్డను అంత దూరం పంపాలా అని ఒక తల్లి వెనకాడితే అది తప్పేం కాదు. కానీ విషయం తెలిసి వద్దనుకోవడం వేరు, తెలియక పోగొట్టుకోవడం వేరు. పరీక్ష రాసినంత మాత్రాన చేరాలని లేదు. సీటు వచ్చాక ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవచ్చు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, ఫీజు లేదు. నోటిఫికేషన్ సాధారణంగా జూన్, జూలై నెలల్లో వస్తుంది. హెడ్మాస్టర్ సంతకంతో సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయాలి. పిల్లలు చదువుతున్న జిల్లా, ఉంటున్న జిల్లా ఒకటే అయి ఉండాలి. రెండోసారి రాసే అవకాశం లేదు, ఐదో తరగతి మళ్లీ చదివినా కుదరదు. మీ ఇంట్లో గానీ, మీ గల్లీలో గానీ నాలుగో తరగతి పిల్లలుంటే ఈ కబురు వాళ్ల అమ్మీ అబ్బాలకు ఈ వారమే చెప్పండి.