రక్తం మీద నెపం

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అనే సామెత వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మన పిల్లాడు పక్కింటి జామకాయలు కోస్తే అల్లరి అంటాం. పనిమనిషి కొడుకు కోస్తే "వాళ్ళ రక్తమే అంత" అంటాం. చిత్రం కాదూ!

ఇది ఒట్టి నోటిదురద అయితే పోనిద్దును. దీన్నే 1871లో తెల్లదొరలు చట్టం చేశారు. కొన్ని తెగలవాళ్ళు పుట్టుదొంగలట! 1911లో ఆ చట్టం మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. నేరం చేసినవాళ్ళనీ చెయ్యనివాళ్ళనీ ఒకే గాటన కట్టి, ఎరుకల కుటుంబాలను బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటులో పెట్టారు. 1952లో చట్టం రద్దయింది. మరి ఆ ఊరి పేరు వినగానే మన మొహాల్లో కనిపించే అనుమానం రద్దయిందా?

అలాగని పసిమనసు రాయని పలక అని నేననను. ఆసుపత్రి వార్డులో ఒక పసికందు ఏడిస్తే, పక్క ఉయ్యాల్లో బిడ్డా అందుకుంటుంది. దానికెవరు నేర్పారు? జాలి కాస్తో కూస్తో వెంట తెచ్చుకునే వస్తాం. కానీ ఎవరి ఏడుపు వినాలో, ఎవరిది వినిపించుకోనక్కర్లేదో నేర్పేది మాత్రం మనమే. పనిమనిషికి విడిగా గ్లాసు పెట్టినప్పుడు పిల్లలు చూస్తూనే ఉంటారు. ఆ పాఠానికి పుస్తకం అక్కర్లేదు.

రేపు పెద్దయ్యాక వాళ్ళలో దయ లేకపోతే రక్తాన్ని ఆడిపోసుకోకండి. ఆ గ్లాసు విడిగా పెట్టిందెవరో గుర్తు చేసుకోండి.