షోహ్రత్ లేకపోతే హిఫాజత్ ఉన్నట్టేనా?

"లినక్స్ వేసుకో భాయ్, వైరస్ గిరస్ ఏదీ రాదు!" మా న్యూస్‌రూమ్‌లో ఈ మాట చెప్పేవాళ్లకు కొదవ లేదు. మ్యాక్ కొన్నవాళ్ల గురూర్ ఇంకో రకం. ఈ దావా మీదే నా ఎతరాజ్.

2012లో ఫ్లాష్‌బ్యాక్ అనే ట్రోజన్ ఆరు లక్షలకు పైగా మ్యాక్‌లలో దూరింది. దూరింది జావాలోని కన్నం నుంచి. ఒరాకిల్ ఫిబ్రవరిలోనే మరమ్మతు ఇచ్చింది, ఆపిల్ తనవాళ్లకు ఏప్రిల్‌లో గానీ అందించలేదు. మార్కెట్‌లో మ్యాక్ వాటా తక్కువన్న సంగతి ఆ దొంగకు ఎవరూ చెప్పలేదు కాబోలు! 2016లో మిరాయ్ అయితే లినక్స్‌తో నడిచే కెమెరాల్లోకి, రికార్డర్లలోకి కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌లతోనే దర్జాగా నడిచి వెళ్లింది. తాళంచెవి తలుపుకే వేలాడుతుంటే తలుపు ఏ కర్రదైతే ఏంటి?

అలాగని "ఎవరూ వాడరు కాబట్టే వైరస్‌లు లేవు" అనే జనాబ్‌ల దలీల్‌నూ ఒప్పుకోను. ఎవరూ వాడకపోవడమేంటి? మీ జేబులోని ఆండ్రాయిడ్ కింద ఉన్నది లినక్స్ కెర్నెలే.

అసలు ఫరక్ ఇఖ్తియార్‌లో ఉంది. విండోస్ ఎక్స్‌పీలో ఇంట్లో పిల్లాడు కూడా అడ్మినిస్ట్రేటరే. వాడు ఏది నొక్కితే దానికి ఇల్లంతా హవాలా. లినక్స్ మామూలు యూజర్‌కు అంత చనువు ఇవ్వదు. ఆ మేరకు తారీఫ్ చేద్దాం. కానీ మీ ఫొటోలు, కాగితాలు ఖరాబ్ చేయడానికి రూట్ ఇజాజత్ అక్కర్లేదు, మీ పేరుతో నడిచే ప్రోగ్రామ్ ఒక్కటి చాలు.

వనాక్రై విండోస్‌దే కదా అంటారా? 2017 మేలో అది విరుచుకుపడింది. మరమ్మతు మార్చిలోనే వచ్చింది. ఆ రెండు నెలలు ఏం చేశారు సాహెబ్?