కౌన్సెలర్ ఉన్నారా అనే కాదు, ఏం నేర్చుకుని వచ్చారని కూడా అడుగుదాం

పిల్లల్ని ఇంటర్‌లో, హాస్టళ్లలో, కోచింగుల్లో చేర్చిన తల్లిదండ్రులకు, వాళ్లకు పాఠాలు చెబుతున్న లెక్చరర్లకు విన్నపం.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న పదిహేడేళ్ల అమ్మాయి 2023లో చనిపోయింది. ఆ కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా కనీసం ఒక కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలంది. వాళ్లకు పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో రుజువు చూపగల శిక్షణ ఉండాలని కూడా అంది. మొదటి షరతు తీర్చడానికి ఒక గది, తలుపు మీద ఒక బోర్డు చాలు. ఈ కరపత్రం రెండో షరతు కోసం.

2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. వాటిలో పరీక్ష తప్పడమే కారణంగా నమోదైనవి 2,248 అని ఆ తీర్పే ఎత్తిచూపింది. మిగతా పదివేల పైచిలుకు పిల్లల సంగతి ఫలితాల వారంలో ఇచ్చే హెల్ప్‌లైన్ ప్రకటనలతో తీరేది కాదు. విద్యార్థుల ఆత్మహత్యలపై వేసిన నీరదారెడ్డి కమిటీ, చక్రపాణి కమిటీ వచ్చి వెళ్లాయి. ప్రతి దుర్ఘటన తర్వాతా కౌన్సెలర్లను నియమిస్తామన్న హామీ వినిపిస్తుంది. వాళ్లను ఎక్కడ తయారుచేస్తారో మాత్రం ఎవరూ చెప్పరు.

టీచర్లకే రెండు రోజుల వర్క్‌షాప్ పెడితే సరిపోదా అంటారు. బిహార్‌లోని నలంద జిల్లాలో డెబ్బైకి పైగా ప్రభుత్వ పాఠశాలల్లో ఈ పని టీచర్లకు అప్పగిస్తే ఏమవుతుందో పరీక్షించి చూశారు. 2018లో ఫలితాలు వచ్చాయి. టీచర్లకు అప్పగించిన బడుల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఆ పనికోసమే శిక్షణ ఇచ్చి పెట్టిన మామూలు మనుషులున్న బడుల్లో పిల్లల దిగులు, ఒకరినొకరు వేధించుకోవడం తగ్గాయి. మన లెక్చరర్లను తప్పుపట్టడం లేదు. మార్కులు వేసే మనిషి దగ్గర ఏ పిల్లా మనసు విప్పదు, అంతే. టీచర్లు ఆపదను గుర్తుపట్టడం నేర్చుకోవాలి, ఆ మేరకు వర్క్‌షాపులు మంచివే.

ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లోనూ డిగ్రీలు లేని కౌన్సెలర్లకు తర్ఫీదు ఇచ్చి, కొన్ని వారాల్లో ముగిసే సమస్యా పరిష్కార పద్ధతిని పరీక్షించారు. పిల్లలు తమ సమస్యల నుంచి కొంత తేరుకున్నారు, అయితే మానసిక రుగ్మత లక్షణాల్లో మాత్రం వెంటనే స్పష్టమైన తేడా రాలేదు. అంటే తేలికపాటి శిక్షణతో కొంత దూరమే వెళ్లగలం. ఆ పైన పెద్ద చదువు కావాలి, పైవాళ్ల దగ్గరికి పంపే దారి కావాలి.

ఏం నేర్పాలి? చదవాలనిపించట్లేదు అన్న కుర్రాడికి ధైర్యం చెప్పి పంపేయకుండా, రోజులో ఏ వేళ ఎలా గడుస్తోందో అతనితోనే రాయించి, ఆగిపోయిన పనుల్లో ఒక చిన్నదాన్ని తిరిగి మొదలుపెట్టించడం. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడం. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు, పైగా భారం దిగుతుంది. ఔనంటే ఆ రాత్రి గడిచే ఏర్పాటు పిల్లతో కలిసి రాసుకోవడం. లైంగిక వేధింపు బయటపడితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు తప్పనిసరని తెలిసి ఉండటం, ఆ మాట పిల్లకు ముందే చెప్పడం. ఇవన్నీ పుస్తకంలో చదివితే రావు. అనుభవజ్ఞుల ముందు చేసి, తప్పులు దిద్దించుకుంటేనే వస్తాయి.

ఇంగ్లండ్ 2011లో పిల్లల థెరపీ శిక్షణ పథకం మొదలుపెట్టినప్పుడు థెరపిస్టులతోపాటు వాళ్లను పర్యవేక్షించేవాళ్లకూ, సేవలు నడిపేవాళ్లకూ నేర్పింది. తర్వాత బడుల కోసం ఏడాది కోర్సు పెట్టి, జీతమిస్తూ చదివించింది. అక్కడా పిల్లలు నెలల తరబడి వరుసలో ఉన్న మాట నిజమే. అయినా పర్యవేక్షకులను కూడా తయారుచేయాలన్న ఆలోచన మనం తీసుకోవలసిందే.

ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో సైకాలజీ విభాగాలున్నాయి. విశాఖలో, ఎర్రగడ్డలో మానసిక వైద్యశాలలున్నాయి. వీటిని కలిపి, స్టైపెండ్‌తో ఏడాది కోర్సు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రెండూ మొదలుపెట్టాలి. దూరవిద్య సర్టిఫికెట్ వద్దు. పాఠం, సాధన తెలుగులో, ఉర్దూలో సాగాలి, ఏజెన్సీ హాస్టళ్లకు కోయ, గోండి వచ్చినవాళ్లను ఎంపిక చేయాలి. ఉద్యోగంలో చేరాక కూడా వారానికోసారి సీనియర్‌తో కూర్చుని కేసులు చర్చించే ఏర్పాటు ఉండాలి. పిల్లలు చెప్పినవి యాజమాన్యం చెవిన పడకూడదు. ప్రాణాపాయం, చట్టం కోరినవి తప్ప.

ముందు గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో మొదలుపెట్టమని మా కోరిక. ఫీజు కట్టి ప్రైవేటు సైకాలజిస్టు దగ్గరికి వెళ్లే స్తోమత అక్కడి పిల్లలకు లేదు.

కలెక్టర్ అధ్యక్షతన జిల్లా పర్యవేక్షక కమిటీ ఉండాలని కూడా సుప్రీంకోర్టు చెప్పింది. మీ జిల్లాలో అది ఏర్పడిందా, ఎన్ని కాలేజీల్లో కౌన్సెలర్లున్నారు, ఒక్కొక్కరు ఎక్కడ, ఎంతకాలం శిక్షణ పొందారు, ఎవరు పర్యవేక్షిస్తున్నారు అని సమాచార హక్కు కింద అడగండి. సోమవారం కలెక్టరేట్‌లో తెలంగాణవాళ్లు ప్రజావాణిలో, ఆంధ్రావాళ్లు ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కోర్సు కోసం అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఈలోగా ఏ ఇంట్లో పిల్లలకు కష్టంగా ఉన్నా 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ఆ హెల్ప్‌లైన్‌లో తెలుగులోనూ మాట్లాడతారు, ఖర్చు లేదు.

— కొందరు తల్లిదండ్రులు, లెక్చరర్లు