ఆ పార ఎత్తింది దేవుడు కాదు



ఆగస్టు 9కి ఏ నాటకం వెయ్యాలా అని గ్రూపులో చర్చ నడుస్తోంది కదా. మా హాస్టల్ రూమ్ వాళ్లందరి మాట ఒకటే. ఈసారి ఓలా రోటిమి రాసిన 'ది గాడ్స్ ఆర్ నాట్ టు బ్లేమ్' వేద్దాం. అంటే 'తప్పు దేవుళ్లది కాదు' అని. నైజీరియాలోని యొరుబా వాళ్ల కథ. మన కథలు లేవా, ఆఫ్రికా దాకా పోవాలా అని కొందరు అంటారు. ముందు కథ వినండి.

కుటుజే రాజు అడెటూసాకి మొదటి కొడుకు పుడతాడు. ఇఫా ప్రశ్న చెప్పే చూపులేని పెద్దాయన, వీడు తండ్రిని చంపి తల్లిని పెళ్లాడతాడని చెప్తాడు. పసివాడి కాళ్లకి గవ్వల తాడు కట్టి, అడవిలో చంపెయ్యమని ఒకడికి ఇస్తారు. వాడికి చేతులు రావు. పిల్లాడు వేరే ఊళ్లో, వేరే తెగలో, ఒక వేటగాడి ఇంట్లో ఒడెవాలే అనే పేరుతో పెరుగుతాడు. తన రాత ఇదీ అని తెలిశాక, పెంచినవాళ్లనే కన్నవాళ్లనుకుని, వాళ్లకి కీడు చెయ్యకూడదని పారిపోతాడు. డిగ్రీలో ఇంగ్లిష్ లిటరేచర్ వాళ్లకి ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది, ఇది గ్రీకుల ఈడిపస్ కథే.

కానీ రోటిమి ఒకచోట మార్చాడు. మాకు నాటకమంతా అక్కడే ఉందనిపించింది. గ్రీకు కథలో తండ్రీకొడుకులు దారి దగ్గర కొట్టుకుంటారు. ఇక్కడ గొడవ భూమి మీద. ఎడే అనే చోట ఒడెవాలే తను కొనుక్కున్న చేలో పెండలం దుంపలు తవ్వుకుంటుంటాడు. ఒక ముసలాయన మనుషుల్ని వెంటేసుకొచ్చి, ఈ చేను నాది, నువ్వు దొంగవి అంటాడు. అక్కడిదాకా ఒడెవాలే ఓర్చుకుంటాడు. తర్వాత ఆయన వీడి యాస విని, నువ్వు ఫలానా అడవి తెగవాడివా అని ఎగతాళి చేస్తాడు. అంతే, చేతిలో పార లేస్తుంది. ముసలాయన పడిపోతాడు.

మాటకి మా రూమ్‌లో ఎవరూ మాట్లాడలేదు. క్లాసులో లేచి జవాబు చెప్తే వెనక బెంచీలో మన యాసకి నవ్వినవాళ్లు మాలో అందరికీ గుర్తొచ్చారు. నిజం చెప్తున్నాం, మొదటిసారి చదివినప్పుడు మేం ఒడెవాలే పక్షమే. కొట్టాల్సిందే అనుకున్నాం.

తర్వాత బుర్రలోకెక్కింది. ఏ తెగ పరువు కోసం చంపాడో ఆ తెగలో వాడు పుట్టలేదు. తిట్టినాయన కన్నతండ్రి.

ఈ నాటకం మొదట ఆడింది 1968లో, ఇఫే పట్నంలో. అప్పుడు నైజీరియాలో బియాఫ్రా యుద్ధం నడుస్తోంది, 1967 నుంచి 1970 దాకా తెగల పేరుతో చంపుకున్నారు. రోటిమి తండ్రి యొరుబా, తల్లి ఇజా. ఆయనకి ఆ యుద్ధం ఎలా కనపడి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. పేరులోని దేవుళ్లంటే అమెరికా, రష్యా, ఇంగ్లండ్, ఫ్రాన్స్ లాంటి పెద్ద దేశాలని, తప్పంతా వాళ్ల మీదకి నెట్టొద్దని ఆయనే చెప్పాడు. దీంతో మేం సగమే ఒప్పుకుంటాం. 1914లో ఉత్తరం దక్షిణం కలిపి నైజీరియా అని ఒక్కటి చేసింది తెల్లదొరలే, వాళ్లని అంత తేలిగ్గా వదలకూడదు. ఇంకో పేచీ కూడా ఉంది. పుట్టకముందే మనిషి తన 'ఓరి'ని, అంటే తన తలరాతని, తనే ఎంచుకుని వస్తాడని యొరుబా నమ్మకం. మొక్కులతో, నడతతో దాన్ని కొంత చక్కదిద్దుకోవచ్చంటారు. అలాంటి చోట తప్పించుకోలేని గ్రీకు రాతని పెట్టడం సరిగా అతకలేదని కొందరు విమర్శకులన్నారు. అదీ నిజమే. కానీ పార ఎత్తిన చెయ్యి మాత్రం ఒడెవాలేదే.

మొన్న పోడు భూముల పోస్టు కింద ఏమైందో అందరూ చూశారు. పట్టాల మాట పదో కామెంట్‌కే పోయింది. అసలైన తెగ ఎవరు, పైనుంచి వచ్చినోళ్లెవరు అని అర్ధరాత్రి దాకా తిట్టుకున్నాం. అందులో రెండు కామెంట్లు మా రూమ్‌వే. తెల్లారి తీసేశాం, ఈలోపే స్క్రీన్‌షాట్లు తిరిగిపోయాయి.

వెయ్యడం కష్టమేం కాదు. మొదటి భాగం కథకుడు చెప్తుంటే మిగతావాళ్లు మాటల్లేకుండా చేసి చూపించడమే. డోలు మనదే, పాటలు మనవే పెట్టుకోవచ్చు. గంటకి కుదించాం. ఒడెవాలే వేషానికి ముగ్గురు పోటీ పడుతున్నారు. రాణి ఓజువోలాకి బీఎస్సీ చెల్లి ఒప్పుకుంది. ముసలాయన వేషానికే ఎవరూ ముందుకు రావడం లేదు, స్టేజీ మీద ఆ తిట్టు తిట్టాలి కదా. తెలుగులో ఏ తిట్టు పెట్టాలో మాత్రం వెతుక్కోవాల్సిన పని పడలేదు. ఎవరైనా ఆ వేషం వేస్తామంటే ఆదివారం లోపు మెసేజ్ పెట్టండి.